బియ్యం అని కొడితే ※ వస్తది: జపాన్ కీబోర్డు చెప్పే ముచ్చట

జపాన్ల కొన్న ల్యాప్‌టాప్ ముందట కూసోని మెయిల్ ఐడీ కొట్టబోతే మొదటి తిప్పల @ దగ్గర్నే మొదలైతది. మనకు అలవాటున్నట్టు షిఫ్ట్ పట్టుకోని 2 ఒత్తితే @ రాదు, కొటేషన్ గుర్తు " వస్తది. షిఫ్ట్‌తోని 9 ఒత్తితే తెరిచే బ్రాకెట్‌కు బదులు మూసే బ్రాకెట్ పడ్తది. షిఫ్ట్‌తోని 0 ఒత్తితే ఏదీ రాదు. కీ చెడిపోయిందేమో అనుకుంటరు. ఏం చెడిపోలే, అది అట్లనే ఉంటది.

మన దిక్కు నుంచి జపాన్‌కు సాఫ్ట్‌వేర్ కొలువుకు పోయినోళ్ళు, చదువుకు పోయినోళ్ళు ఉన్నరు. ఆ భాష నేర్చుకుంట వీసా కోసం ఎదురుచూసే తమ్ముళ్ళు, చెల్లెండ్లు ఉన్నరు. వాళ్ళకు ఈ ముచ్చట నేరుగ పనికొస్తది. పోనోళ్ళకు గూడ ఇండ్ల పని ఉన్నది. ఎందుకంటే ఆ కీబోర్డు వెనుక ఒక పాత పంచాయితి ఉన్నది. మనిషి రాసే లిపి మిషన్‌కు తగ్గట్టు కురచ కావాల్నా, మిషనే లిపికి తగ్గట్టు వంగాల్నా? జపానోళ్ళు ఈ పంచాయితి వందేండ్లకు మించి నడిపిన్రు. మనం ఇంకా మొదలు గూడ పెట్టలే.

ఏ గుర్తు యాడున్నది, ఎందుకున్నది

ముందుగాల పని ముచ్చట. జపాన్ కీబోర్డు మీద @ కు సొంత కీ ఉన్నది, పీ అక్షరానికి కుడి పక్కన. షిఫ్ట్ అవసరమే లేదు. అదే కీని షిఫ్ట్‌తోని ఒత్తితే వెనక్కి వంగిన చిన్న గీత ` వస్తది. సెమికోలన్ పక్కన కోలన్‌కు వేరే కీ ఉన్నది. షిఫ్ట్‌తోని సెమికోలన్ ఒత్తితే +, షిఫ్ట్‌తోని కోలన్ ఒత్తితే *. సమానం గుర్తు = కావాలంటె షిఫ్ట్‌తోని అడ్డగీత కీ ఒత్తాలె. ఒంటి కొటేషన్ ' షిఫ్ట్‌తోని 7 మీద ఉంటది. అండర్‌స్కోర్ _ కుడి దిక్కు షిఫ్ట్‌కు ఆనుకోని ఉన్న కీ మీద ఉంటది.

ఇది ఆగమాగం పెట్టినట్టు కొడ్తది గని దీనికో లెక్క ఉన్నది. కంప్యూటర్‌కు అక్షరాలు తెల్వయి, నంబర్లే తెలుసు. 1960లల్ల అమెరికాల ఆస్కీ అని ఒక పట్టిక తయారైంది. అండ్ల 0 నుంచి 127 దాంక మొత్తం 128 గదులు. 1 అంకె 49వ నంబరు గదిల ఉంటది, ! గుర్తు 33ల ఉంటది. తేడా 16. 2 అంకె 50ల, కొటేషన్ " 34ల. మళ్ల 16. 8 అంకె 56ల, తెరిచే బ్రాకెట్ 40ల. మళ్ల 16. పాత టెలిటైప్ మిషన్లల్ల షిఫ్ట్ ఒత్తితే ఈ 16 తేడా మారేటట్టు తీగెలు కలిపెటోళ్ళు. అట్ల చేస్తే మిషన్ సులువుగ, అగ్గువకు తయారైతది. మరి 0 సంగతి? దాని నంబరు 48. అండ్ల నుంచి 16 తీసేస్తే 32. ముప్పై రెండో గదిల ఉన్నది ఖాళీ జాగ, అంటె స్పేస్. అందుకే 0 కీ మీద పైన గుర్తు ఏదీ లేదు.

అమెరికా తర్వాత తన ఆఫీసు టైప్‌రైటర్ల పద్ధతికి మళ్ళింది. మన దేశంల అమ్మే కీబోర్డులు ఆ అమెరికా దారిల వచ్చినవే. జపాన్ మాత్రం ఆ పాత జతలనే ఉంచుకున్నది. వాళ్ళది తప్పు, మనది ఒప్పు అనేటందుకు ఏం లేదు. రెండూ ఎవరో ఒకరు ఎన్నడో తీసుకున్న నిర్ణయాలే.

ఒక్క గది కోసం లొల్లి

ఆ 128 గదులు ఇంగ్లీషుకు సరిపోయినయి. లోకంల మిగిలిన భాషలకు ఏం మిగిలింది? అంతర్జాతీయ ప్రమాణం రాసినప్పుడు కొన్ని గదులను ఆయా దేశాలు తమ గుర్తులు పెట్టుకోవచ్చని ఇడిసిపెట్టిన్రు. 1969ల జపాన్ తన ప్రమాణం రాసుకున్నప్పుడు 92వ గదిల ఉన్న బ్యాక్‌స్లాష్ \ ను తీసేసి తన పైసల గుర్తు ¥ ను కూసోబెట్టింది.

ఆ నిర్ణయం ఇయ్యాల్టికీ తెర మీద కనిపిస్తది. జపాన్ విండోస్‌ల ఫోల్డర్ దారి చూస్తే, మనకు \ కనిపించే కాడల్లా వాళ్ళకు ¥ కనిపిస్తది. ప్రోగ్రాం రాసెటోళ్ళు \ కొట్టినా తెర మీద యెన్ గుర్తే పడొచ్చు. లోపల నంబరు 92 అదే కాబట్టి ప్రోగ్రాం మంచిగనే నడుస్తది. కీబోర్డు మీద బ్యాక్‌స్పేస్ పక్కన ¥ కీ ఒకటి, కుడి షిఫ్ట్ పక్కన \ కీ ఒకటి, రెండుంటయి. విండోస్‌ల రెండూ ఇచ్చేది ఆ 92వ నంబరే. మాక్ కంప్యూటర్ల అట్ల కాదు. అక్కడ ¥ వేరు, \ వేరు. ఆప్షన్ కీ పట్టుకోని ¥ ఒత్తితే \ వస్తది. ఇది తెల్వకుంట కోడ్ల అసలు ¥ కొడితే, కంటికి మంచిగనే కనిపిస్తది గని ప్రోగ్రాం నడువది. జపాన్ల కోడింగ్ కొలువుకు పోయేటోళ్ళు ఇది యాదిల పెట్టుకోవాలె.

మన రూపాయి సంగతి జర పోల్చి చూడుండ్రి. ఉదయ కుమార్ గీసిన ₹ గుర్తును మన సర్కారు ఒప్పుకున్నది 2010ల. అదే ఏడు అక్టోబర్ల వచ్చిన యూనికోడ్ 6.0ల అది చేరింది. జపాన్ ఫోన్లల్ల పుట్టి పెరిగిన ఎమోజీలు గూడ అదే 6.0ల పెద్ద గుంపుగ చేరినయి. అంటె లోకానికి ఏడ్చే బొమ్మ, నవ్వే బొమ్మ, మన రూపాయి గుర్తు ఒక్క బండ్లనే దిగినయి. జపాన్ పైసల గుర్తు అంతకు 41 ఏండ్ల ముందే పట్టికల జాగ పట్టుకోని కూసున్నది. ఎవరో ఇస్తరని ఎదురుచూడకుంట, ఉన్న 128ల నుంచే ఒక గది తీసుకున్నది.

సగం అక్షరం, నిండు అక్షరం

1969 నాటి ఆ పట్టికను 256 గదులకు పెంచి, పెరిగిన జాగల కతకన అక్షరాలు పెట్టిన్రు. జపానోళ్ళకు మూడు లిపులు ఉన్నయి. హిరగన, కతకన అనేటివి మన అక్షరమాల లెక్క పలుకును రాసేటివి. కంజీ అనేటివి చైనా నుంచి వచ్చిన బొమ్మల అక్షరాలు, వేలల్ల ఉంటయి. 256 గదులల్ల కంజీకి జాగ యాడికెల్లి వస్తది? కతకన ఒక్కటే పట్టింది, అది గూడ ఇంగ్లీషు అక్షరమంత సన్నగ నొక్కేస్తే. దానికి హన్‌కకు అని పేరు పెట్టిన్రు, అంటె సగం వెడల్పు. నిండు వెడల్పుదాన్ని జెన్‌కకు అంటరు.

ఆ నొక్కుడు గాయం ఇంకా మానలే. ఇయ్యాల్టికీ జపాన్ బ్యాంకుల పైసలు పంపితే మనిషి పేరు ఆ సన్నటి కతకనల్నే పోతది. కీబోర్డు మీద ఎడమ దిక్కు పై మూలకు, ఎస్కేప్ కింద, హన్‌కకు జెన్‌కకు అని ఒక కీ ఉంటది. జపాన్ రాతకూ ఇంగ్లీషు రాతకూ నడుమ మారేది దాంతోనే. కొత్తగ పోయినోళ్ళకు ఎక్కువ తిప్పలు పెట్టేది గూడ ఇదే. జపాన్ రాతల ఉండంగ 123 కొడితే నిండు వెడల్పు అంకెలు పడ్తయి. చూపుకు అవీ 123 లెక్కనే ఉంటయి గని కంప్యూటర్‌కు వాటి నంబర్లు వేరు. ఆన్‌లైన్ ఫారం ఫోన్ నంబరును సగం వెడల్పుల అడుగుతది, పేరు పలుకును నిండు కతకనల అడుగుతది. ఉల్టా కొడితే ఫారం తీసుకోదు. నిండు వెడల్పు @ తోని కొట్టిన మెయిల్ ఐడీ పనిచెయ్యది. దీనికి సులువు దారి ఉన్నది. అక్షరాలు కొట్టినంక, ఖరారు చేసెటందుకు ముందు ఎఫ్7 ఒత్తితే నిండు కతకన, ఎఫ్8 ఒత్తితే సగం కతకన, ఎఫ్10 ఒత్తితే సగం వెడల్పు ఇంగ్లీషు వస్తయి.

లిపినే తీసేద్దామన్న రోజులు

మిషన్ రాకముందు నుంచే కంజీ మీద దాడి ఉన్నది. 1866ల మయెజిమ హిసొక అనే ఆయన కంజీని ఎత్తేయాలెనని షోగున్‌కు అర్జీ పెట్టిండు. పిల్లల చదువుకు అది బరువు అన్నది ఆయన వాదన. ఆ వాదన తప్పని కొట్టిపారేసేటట్టు లేదు, చదువు గరీబోళ్ళకు అందాలెనన్న తపన అండ్ల ఉన్నది. తర్వాత ఆయనే 1871ల జపాన్ తపాలా వ్యవస్థను నిలబెట్టిండు. 1920 నుంచి కన అక్షరాలతోనే రాద్దామని ఒక సంఘం పనిచేసింది. రోమన్ అక్షరాలకు మారుదామన్నోళ్ళు వేరేగ ఉండిరి.

టైప్‌రైటర్ వచ్చినంక ఆ మాటకు ఇంకా బలం వచ్చింది. 1915ల సుగిమొతొ క్యోత తయారు చేసిన జపాన్ టైప్‌రైటర్‌కు కీలు లేవు. పెద్ద పళ్ళెంల 2,400 దాంక సీసం అచ్చులు పేర్చి ఉండేటివి. మనిషి ఒక్కొక్కదాన్ని వెతికి, పిడితోని పట్టి కొట్టాలె. ఇంగ్లీషు టైపిస్టు పేజీ కొట్టెటాలకు జపాన్ టైపిస్టు పళ్ళెం మీద వెతుక్కుంట ఉండేది. 1946ల సర్కారు రోజువారీ వాడకానికి 1,850 కంజీలు చాలని గిరి గీసింది.

కథ మలుపు తిరిగింది 1978ల. ఆ ఏడు రెండు పనులైనయి. ఒకటి, కంజీకి జాతీయ ప్రమాణం వచ్చింది. 6,349 కంజీలు, 453 ఇతర అక్షరాలూ గుర్తులూ, ఒక్కోదానికి ఒక్కో నంబరు. రెండోది, మోరి కెనిచి జట్టు తయారు చేసిన జేడబ్ల్యూ 10 అనే మిషన్‌ను తోషిబా బయటపెట్టింది. బరువు 220 కిలోలు. ధర 63 లక్షల యెన్‌లు. రాతబల్ల అంత ఉండేది. గని అది చేసిన పని చిన్నది కాదు. పలుకును కన అక్షరాలల్ల కొడితే, వాక్యం చూసి సరైన కంజీని అదే తెచ్చి పెట్టింది.

అది ఎందుకు కష్టమో ఒక్క మాటతోని తెలుస్తది. కిష అని కొడితే విలేకరి కావొచ్చు, రైలు కావొచ్చు, మీ కంపెనీ అని మర్యాదగ అన్నట్టు కావొచ్చు, ఆఫీసుకు తిరిగి వచ్చుడు కావొచ్చు. పలుకు ఒకటే, కంజీలు వేరువేరు. ఏది కావాల్నో ముందు వెనుక మాటలు చూసి మిషన్ ఊహిస్తది. తప్పైతే స్పేస్ ఒత్తుకుంట పోతే మిగిలినవి వరుసగ వస్తయి. స్పేస్ కీకి కుడి దిక్కు హెన్‌కన్ అంటె మార్చు, ఎడమ దిక్కు ముహెన్‌కన్ అంటె మార్చకు. ఆ కీలు జపాన్ కీబోర్డు మీద ఉన్నది ఈ పని కోసమే.

మిషన్ వంగినంక సంగతి చూడుండ్రి. 2010ల రోజువారీ కంజీల లిస్టును సర్కారు 2,136కు పెంచింది. కొత్తగ చేర్చిన వాటిల ఉత్సు అనే అక్షరం ఒకటి. దిగులు, మనాది అని అర్థం. 29 గీతలు. చేత్తోని రాయరాకున్నా కంప్యూటర్ల కొట్టొచ్చు గదా అని చేర్చిన్రు. తక్కువ చేద్దామనుకున్న లిపి మిషన్ చలువతోనే పెరిగింది. దీనికి ఇంకో దిక్కు గూడ ఉన్నది. కీబోర్డుకు అలవాటై చేత్తోని రాసుడు మర్చిపోతున్నమని జపానోళ్ళే మొత్తుకుంటరు. అది గూడ నిజమే.

పేరు పెట్టి పిలిస్తే పలుకుతది

ఇగ గుర్తుల సంగతికి వద్దాం. జపానోళ్ళు గమనించుండ్రి అని చెప్పేటప్పుడు ※ గుర్తు పెడ్తరు. దుకాణం నోటీసు మీద, ఫారం కింద, యాడ చూసినా అదే. కీబోర్డు మీద అది లేదు. కొమె అని కొట్టి స్పేస్ ఒత్తితే వస్తది. కొమె అంటె బియ్యం. బియ్యం అనే కంజీ చూపుకు ఆ గుర్తు లెక్కనే ఉంటది కాబట్టి దానికి బియ్యం గుర్తు అని ఇంటిపేరు పడ్డది.

బాణం → కావాల్నా? యాజిరుషి అని కొట్టాలె. కుడి అనే అర్థం ఉన్న మిగి అని కొట్టినా వస్తది. గుండ్రం ○ కు మరు, త్రికోణం △ కు సన్‌కకు, చుక్క ★ కు హొషి, పాట గుర్తు ♪ కు ఒన్‌పు. ఒక కంజీ తర్వాత మళ్ల అదే కంజీ వస్తదని చెప్పే గుర్తు ఒకటున్నది, దానికి ఒనజి అని కొట్టాలె. ఒనజి అంటె అదే. పేరు గుర్తుకు రాకుంటె కిగో, అంటె గుర్తు, అని కొడితే మొత్తం లిస్టు తెరుచుకుంటది. గూగుల్ జపాన్ కీబోర్డుల ఇంకా దగ్గరి తొవ్వ ఉన్నది. జడ్, ఎల్ కొడితే కుడి బాణం, జడ్, హెచ్ కొడితే ఎడమ బాణం.

తపాలా గుర్తు 〒 కు యూబిన్ అని కొట్టాలె. యూబిన్ అంటె తపాలా. ఆ గుర్తు 1887ల వచ్చింది. ఏడంకెల పిన్‌కోడ్ కొట్టి మార్చు అంటె చాలా కీబోర్డులు ఊరు, వాడ పేరుతోని అడ్రసే రాసి ఇస్తయి, అది గూడ కంజీల. కంజీ వద్దన్న మయెజిమ పెట్టిన తపాలా నంబరు కొడితే ఇయ్యాల కంజీ అడ్రసు వస్తున్నది.

ఇంకో మాట చెప్పాలె. 1978 లిస్టు కోసం అక్షరాలు ఏరినప్పుడు వాళ్ళు పల్లెల పేర్ల పట్టికలు గూడ ముందట పెట్టుకున్నరు. ఏ చిన్న ఊరి పేరుల వాడే అక్షరమైనా తప్పిపోవద్దని. ఆ తొందరల కొన్ని తప్పులు దొర్లినయి. ఒక ఊరి పేరు కోసం రెండు ముక్కలు కత్తిరించి అతికిస్తే, ఆ అతుకు నీడ గీత లెక్క కనిపించి, లోకంల లేని అక్షరం పుట్టింది. అసొంటివాటిని దయ్యం అక్షరాలు అంటరు. 1997ల పండితులు కూసోని ఒక్కొక్కదాని పుట్టుక వెతికిన్రు. ఒక అక్షరం యాడికెల్లి వచ్చిందో ఇంకా అంతు చిక్కలే. అయినా నేననేది ఒక్కటే. ఊరి పేరు పోవద్దని ఆరాటపడి చేసిన తప్పు అది. ఊరి పేరు ఎట్లున్నా నడుస్తది అనుకునే నిర్లక్ష్యం కంటె వెయ్యి రెట్లు నయం.

మరి మన సంగతేంది

మన ఊర్ల పేర్లు ఆన్‌లైన్ కాయిదాలల్ల ఎట్ల వస్తున్నయో మీకు ఎరుకే. ఎవరో ఇంగ్లీషుల కొడ్తరు, దాన్ని మిషన్ మళ్ల తెలుగుల మారుస్తది. పల్లి పళ్ళి అయితది, ణ పోయి న వస్తది, తాత పేరు ఎవరి పేరో అయితది. ఆ కాయిదం పట్టుకోని మనం ఆఫీసు చుట్టు తిరగాలె.

మనోళ్ళు చానమంది ఫోన్ల ఇంగ్లీషు అక్షరాలతోని తెలుగు కొడ్తరు. దానికి సిగ్గుపడేది ఏం లేదు. జపానోళ్ళల్ల గూడ ఎక్కువమంది కంప్యూటర్ల రోమన్ అక్షరాలతోనే కొడ్తరు. కన అక్షరాలు కీల మీద అచ్చై ఉన్నా వాటిని చూసి కొట్టేటోళ్ళు తక్కువ. తేడా ఆఖరి అడుగుల ఉన్నది. వాళ్ళ వేలు ఇంగ్లీషు తొవ్వల పోయినా తెర మీద దిగేది జపాన్ అక్షరం. మనం ఇంగ్లీషు తొవ్వల పోయి అక్కడ్నే ఆగిపోతున్నం. లేఖిని, జీబోర్డు అసొంటివి ఆ ఆఖరి అడుగు వేయించెటందుకే ఉన్నయి.

మన లిపికి గూడ ప్రత్యేక అక్షరాలున్నయి. మనం చాట అన్నప్పుడు, జొన్న అన్నప్పుడు నోట్లె పలికే చ, జ వేరు. చీమ, జీతం అన్నప్పటి చ, జ వేరు. ఆ పలుకుకు ౘ, ౙ అని అక్షరాలున్నయి. 2008ల యూనికోడ్‌ల చేరినయి. మన యాసల పొద్దుగాల లేస్తే పలికే అక్షరాలు అవి. నంబరు దొరికి ఏండ్లైనా, వాటిని కొట్టినోళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సాఫ్ట్‌వేర్ అన్న మాటల ట పొల్లుకు, వే కు నడుమ ఒక కనిపించని అక్షరం ఉంటది. అది లేకుంటె రెండూ అతుక్కోని వత్తు పడ్తది. అట్ల అతుక్కున్న రాతను చూసి తెలుగే కంప్యూటర్‌కు పనికిరాదు అన్నోళ్ళున్నరు. పనికిరాంది తెలుగు కాదు, ఆ ఒక్క అక్షరం ఎట్ల కొట్టాల్నో చెప్పనోళ్ళ పద్ధతి.

జపాన్ ఆఫీసులల్ల పనిచేసెటోళ్ళు తమకు కావాల్సిన మాటలు కీబోర్డుకు నేర్పుకుంటరు. మాట నమోదు అని దానికో ఏర్పాటు ఉంటది. చిన్న మాట కొడితే పొడుగు అడ్రసు, గుర్తు, పేరు, ఏదైనా వస్తది. మీ చేతిల ఉన్న జీబోర్డుల గూడ పర్సనల్ డిక్షనరీ అని ఉన్నది. సెట్టింగుల పోయి డిక్షనరీ తెరిచి, మాట ఒకటి, దానికి షార్ట్‌కట్ ఒకటి రాయాలె. ఖర్చు లేదు, ఎవరి పర్మిషన్ అక్కర లేదు.

ఇయ్యాల అండ్ల మీ ఊరి పేరు రాయుండ్రి. మీ అవ్వ పలికినట్టు, ణ ఉన్న కాడ ణ, ళ ఉన్న కాడ ళ పెట్టి రాయుండ్రి. బాణం అని కొడితే → వచ్చేటట్టు పెట్టుకోండ్రి. ౘ, ౙ లను ఒక్కసారి కాపీ చేసి దాచుకోండ్రి. తర్వాత మీ సేవకు పోయినప్పుడు మీ ఊరి పేరు తప్పు పడితే, సరైనది గిదిగో అని ఫోన్ తీసి చూపెట్టుండ్రి.